ఫ్యాక్టరీ పొగ మా ఊరి వైపు రాదని ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) రిపోర్టులో మ్యాప్ వేశారు, ఈ మోడల్ లెక్క నమ్మొచ్చా?

నైరుతి_మూల:

అందరికీ నమస్తే. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక చేసుకుని చదవండి ప్లీజ్.

మాది విజయనగరం జిల్లాలో ఒక ఊరు, పేరు ఇక్కడ వద్దులెండి. ఊరికి ఈశాన్యం వైపు కిలోమీటరున్నర దూరంలో బొగ్గుతో నడిచే స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ఉంది. ఇప్పుడు ఇంకో కిల్న్ (ఇనుము తయారయ్యే కొలిమి), దాని వేడి మీద నడిచే చిన్న పవర్ ప్లాంట్ పెడతామని ఎక్స్‌పాన్షన్‌కి అప్లై చేశారు, పబ్లిక్ హియరింగ్ ఉందని పేపర్లో నోటీసు పడింది. నేను బీఎస్సీ మ్యాథ్స్ చదివాను, అదే నేను చేసిన పాపం, "నువ్వు చదువుకున్నోడివి కదరా, ఆ రిపోర్టేదో చూసి చెప్పు" అని ఊరంతా కలిసి నా నెత్తిన పెట్టారు.

తెలుగు సమ్మరీలో పెద్దగా ఏం లేదు, గాలి గురించి నాలుగు లైన్లు రాసి "ప్రభావం నామమాత్రం" అని తేల్చేశారు. ఇంగ్లీషు రిపోర్టు మాత్రం వందల పేజీలు. అందులో ఏర్‌మాడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో లెక్క కట్టి రంగురంగుల గీతలతో ఒక మ్యాప్ వేశారు. దాని ప్రకారం కొత్త కిల్న్ వల్ల పెరిగే దుమ్ము, అంటే పీఎం 10, అన్నిటికంటే ఎక్కువ పడేది ఫ్యాక్టరీకి ఈశాన్యంగా 1.4 కిలోమీటర్ల దూరంలో, 1.8 మైక్రోగ్రాములు. అక్కడ ఉన్నవి జీడితోటలు. మా ఊరి దగ్గర 0.3 అట. ఇప్పుడున్నది 71, దానికి 0.3 కలిపితే 71.3, లిమిట్ 100, కాబట్టి ఓకే అని టేబుల్.

మాకు జరిగేది దీనికి పూర్తిగా రివర్సు. ఎండాకాలంలో నిజంగానే ఇబ్బంది లేదు. కానీ దీపావళి వెళ్ళిన దగ్గర్నుంచి శివరాత్రి దాకా పొద్దున్నే లేచి డాబా ఎక్కితే అరికాళ్ళు నల్లగా అయిపోతాయి, ఏడు తొమ్మిది మధ్య కాలిన వాసన, మా అమ్మ వడియాలు పెట్టడం మానేసింది. కంప్లైంటు చేస్తే ఒకాయన వచ్చి చలికాలం కదా గడ్డి తగలబెడుతున్నారు, భోగి మంటలు వేస్తున్నారు అని చెప్పి వెళ్ళాడు. నెలల తరబడి భోగి మంటా?

అసలు ఈ మోడల్ ఎలా పనిచేస్తుంది, ఇందులో మోసం ఎక్కడ చేయొచ్చు, హియరింగులో నేను లేచి ఏం అడగాలి? లెక్కలు వచ్చు కాబట్టి కొంచెం లోతుగా చెప్పినా పర్లేదు.

పాత_చింతకాయ:

తమ్ముడూ ఆ రిపోర్టులో జంతువుల లిస్టు చూడు ముందు, పక్క రాష్ట్రం అడవిలో ఉండే జంతువులు మీ జీడితోటల్లో తిరుగుతుంటాయి. అన్నీ కాపీ పేస్టే. మోడల్ గీడల్ ఏం లేదు, ముందు ఆన్సర్ రాసుకుని తర్వాత లెక్క చేస్తారు.

స్టాక్_లెక్కలు:

పై కామెంటు సరదాకి బావుంది కానీ హియరింగులో పనికిరాదు. నేను హైదరాబాదులో ఇదే పని చేస్తాను, ఈఐఏ కన్సల్టెన్సీలో ఏర్ మోడలింగ్. ఎవరి రిపోర్టో నాకు తెలీదు, తెలుసుకోవాలని కూడా లేదు, కానీ మీరు రాసింది చదివితే తొంభై శాతం కథ అర్థమైపోయింది. మీ మ్యాప్ తప్పు అయ్యుండకపోవచ్చు. మీ చలికాలం గురించి కాకుండా వేరే కాలం గురించి కరెక్టుగా చెప్తుండొచ్చు. రిపోర్టులో బేస్‌లైన్ డేటా, అంటే ఇప్పుడున్న గాలి కొలతలు, ఏ నెలల్లో తీశారో చూడండి, మార్చి నుంచి మే దాకా అని ఉంటుంది చూడండి.

ముందు మోడల్ సంగతి. ఏర్‌మాడ్ అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వాళ్ళది, 2005 చివర్లో అక్కడ పాత ఐఎస్‌సీ మోడల్ స్థానంలో దీన్ని అఫీషియల్ చేశారు, మన దగ్గర కూడా ఇప్పుడు ఎక్కువ రిపోర్టులు దీంతోనే వస్తాయి. లోపల ఉన్న ఐడియా మీ డిగ్రీలో చదివిన నార్మల్ కర్వే. చిమ్నీ నుంచి వచ్చిన పొగ గాలి వాటుగా వెళ్తూ పక్కలకీ పైకీ కిందకీ పరుచుకుంటుంది, ఆ పరుపు గంట ఆకారంలో ఉంటుందని అనుకుంటారు. పక్కలకి పరుచుకునే వెడల్పు సిగ్మా వై, నిలువుగా సిగ్మా జెడ్. ఒక చోట గాలిలో ఎంత దుమ్ము ఉంటుందంటే సెకనుకి వదిలే గ్రాముల్ని గాలి వేగంతోనూ ఈ రెండు సిగ్మాలతోనూ రెండు పై (2π) తోనూ భాగించి, నడి గీత నుంచి ఎంత దూరంలో ఉన్నామో దాన్ని బట్టి ఎక్స్‌పొనెన్షియల్‌తో తగ్గించుకుంటూ పోతాం. నేలకి తగిలిన పొగ మళ్ళీ పైకి లేస్తుంది కాబట్టి నేల కింద ఇంకో ఉత్తుత్తి చిమ్నీ ఉన్నట్టు ఊహించి దాన్నీ కలుపుతాం. పాత పద్ధతిలో వాతావరణాన్ని ఏ నుంచి ఎఫ్ దాకా ఆరు క్లాసులు చేసేవాళ్ళు, పాస్క్విల్ అనే ఆయన 1961లో పెట్టినవి. ఏర్‌మాడ్‌లో క్లాసులు లేవు, నేల వేడి, గాలి రాపిడి బట్టి గంట గంటకీ లెక్క కడుతుంది, పగటిపూట వేడి గాలి సుడులున్నప్పుడు నిలువు పరుపుకి మామూలు గంట ఆకారం కూడా వాడదు. అయినా మూలం అదే.

ఇక్కడే మొదటి కిటుకు. గాలి ఎటు వీస్తే గీతలు అటే సాగుతాయి, అంతకుమించి మాయ లేదు. మార్చి ఏప్రిల్ మే అంటే మన కోస్తాలో పైరగాలి రోజులు, నైరుతి నుంచి ఈశాన్యానికి కొడుతుంది, కాబట్టి మ్యాప్‌లో పొగంతా మీకు అవతల జీడితోటల మీదకి పోయింది. నవంబర్ నుంచి గాలి తిరుగుతుంది, ఉత్తరం ఈశాన్యం నుంచి వస్తుంది, మీరు ఫ్యాక్టరీకి నైరుతిలో ఉన్నారు. ఇక చెప్పేదేముంది. రూల్ ప్రకారం వాన కాలం కాని ఏదో ఒక సీజన్ డేటా ఉంటే చాలు, ఏ సీజన్ అనేది కంపెనీ చేతిలో ఉంటుంది, అది రూల్లోనే ఉన్న కంత.

రెండోది పొగ ఎంత ఎత్తుకి లేస్తుంది అన్నది. చిమ్నీ ఎత్తు మాత్రమే కాదు, వేడి పొగ తనంతట తాను ఇంకా పైకి పోతుంది. బ్రిగ్స్ ఫార్ములాతో చేతి లెక్క చేసి చూపిస్తా. చిమ్నీ లోపలి వ్యాసం 2 మీటర్లు, పొగ వేగం సెకనుకి 15 మీటర్లు, పొగ టెంపరేచర్ 130 డిగ్రీలు, బయట 30 అనుకుందాం. గాలి 4 మీటర్ల వేగంతో ఉంటే పొగ ఇంకో 80 మీటర్లు లేస్తుంది, 60 మీటర్ల చిమ్నీ కాస్తా లెక్కలో 140 మీటర్ల చిమ్నీ అయిపోయింది. అదే పొగ 80 డిగ్రీలకే వస్తే 52 మీటర్లే లేస్తుంది. సగం లోడ్ మీద నడిపితే వేగమూ పడిపోతుంది, ఇంకా తక్కువ. రిపోర్టులో మాత్రం ఎప్పుడూ ఫుల్ లోడ్ డిజైన్ నంబర్లే ఉంటాయి. ఫుల్ లోడ్ అంటే జనానికి భయం, కానీ ఒక్కోసారి నేల మీద లెక్కకి సగం లోడే ప్రమాదం.

మూడోది యూనిట్లు. లిమిట్ మిల్లీగ్రాములు పర్ నార్మల్ క్యూబిక్ మీటర్‌లో ఉంటుంది, నార్మల్ అంటే మన దగ్గర 25 డిగ్రీల దగ్గర లెక్క. పైన చెప్పిన చిమ్నీలో సెకనుకి 47 ఘనపు మీటర్ల వేడి పొగ పోతుంది, 25 డిగ్రీలకి మారిస్తే 34.8, లిమిట్ 50 అనుకుంటే సెకనుకి 1.74 గ్రాముల దుమ్ము. మీ రిపోర్టులో స్టాక్ (చిమ్నీ) డీటెయిల్స్ టేబుల్ ఉంటుంది, అందులో వ్యాసం, వేగం, టెంపరేచర్, గ్రాములు నాలుగూ ఇస్తారు, ఈ లెక్క మీరే చేసి కలుస్తుందో లేదో చూడండి. కలవకపోతే హియరింగులో ఇంతకంటే మంచి ప్రశ్న లేదు, ఎందుకంటే దానికి అక్కడికక్కడ జవాబు చెప్పలేరు.

టేబుల్, విండ్ రోజ్ (గాలి ఎటునుంచి ఎంతసేపు వీచిందో రేకులుగా చూపే బొమ్మ) చూసి ఏమున్నాయో ఇక్కడ పెట్టండి.

నైరుతి_మూల:

సార్ మీరు రాసింది చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. మార్చి, ఏప్రిల్, మే. మీరు చెప్పినట్టే ఉంది!! విండ్ రోజ్‌లో పెద్ద రేకులన్నీ నైరుతి వైపే.

స్టాక్ టేబుల్ లెక్క చేశాను, గ్రాములు దాదాపు కలిశాయి, అక్కడ దొరకలేదు. కానీ టేబుల్‌లో ఒకటే చిమ్నీ ఉంది, కొత్త కిల్న్‌ది. పాత కిల్న్ చిమ్నీ లేదు, పక్కన ఉన్న ఇంకో రోలింగ్ మిల్లుది లేదు. బొగ్గు యార్డు, నల్ల బూడిద కుప్పలు వీటి గురించి "నీళ్ళు చల్లుతారు" అని ఒక లైను. ఇంకోటి, విండ్ రోజ్ కింద కామ్ అని చిన్న శాతం ఇచ్చారు, దానర్థం ఏంటి?

ఒహాయో_బాబాయ్:

నేను అమెరికాలో ఒక స్టేట్ ఏజెన్సీకి ఏర్ పర్మిట్ల మోడలింగ్ రివ్యూ చేస్తాను, పుట్టింది పెరిగింది శ్రీకాకుళం, కాబట్టి మీ గాలి నాకు బాగా తెలుసు.

ఇక్కడ ఎలా ఉంటుందో చెప్తా, పోల్చుకోడానికి. దగ్గర్లోని వెదర్ స్టేషన్ డేటా అయితే 5 ఏళ్ళది పెట్టాలి, ఫ్యాక్టరీ స్థలంలోనే మాస్ట్ పెట్టి కొలిచిందైతే కనీసం ఒక ఏడాది, కంప్యూటర్ వాతావరణ మోడల్ నుంచి తీసిందైతే 3 ఏళ్ళు. మూడు నెలల డేటా పట్టుకొస్తే ఫైలు తెరవకుండానే తిప్పి పంపుతాం. మళ్ళీ ఇక్కడంతా గొప్పగా ఉందని అనట్లేదు, ఇక్కడి కంతలు ఇక్కడివి. కానీ ఒకటి మాత్రం మంచి పద్ధతి, ఇన్‌పుట్ ఫైళ్ళు ఇవ్వాల్సిందే, మేం మళ్ళీ రన్ చేసి అదే ఆన్సర్ వస్తుందో లేదో చూస్తాం. ఏర్‌మాడ్ ఉచితం, ఈపీఏ సైట్లో ఎవరైనా దింపుకోవచ్చు, కోడ్‌తో సహా. మీరు కూడా ఆ ఇన్‌పుట్ ఫైలు, మెట్ (వాతావరణం) ఫైళ్ళు సాఫ్ట్ కాపీ ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ఇవ్వలేదని మినిట్స్‌లో రాయించండి.

కామ్ అంటే గాలి లేని గంటలు. ఫార్ములాలో గాలి వేగం కింద భాగహారంలో ఉంది కదా, గాలి సున్నా అయితే ఏమవుతుందో మ్యాథ్స్ చదివినోడివి నీకు చెప్పక్కర్లేదు, ఆన్సర్ అనంతానికి పోతుంది. అందుకని ఏర్‌మాడ్ ఏం చేస్తుందంటే కామ్ అని వచ్చిన గంటకి లెక్కే కట్టదు, ఆ గంటలో కాన్సంట్రేషన్ సున్నా అని పెట్టుకుని మిగతా గంటల మొత్తాన్ని మిగతా గంటల సంఖ్యతో భాగిస్తుంది. ఒక రోజులో కామ్ మరీ ఎక్కువై మిగిలినవి 18 గంటల కంటే తగ్గిపోతే అప్పుడూ 18తోనే భాగిస్తుంది. అంటే అర్ధరాత్రి నుంచి పొద్దున ఎనిమిది దాకా ఆకు కదలని మన మార్గశిరం పుష్యమాసం రోజుల్లో, మీరు ఉక్కిరిబిక్కిరయ్యే గంటలే లెక్కలోంచి పోతాయి, పైగా సగటు కూడా తక్కువ చేసి చూపిస్తుంది. మోడల్ రాసినవాళ్ళు మోసం చేసి కాదు, గాలి లేనప్పుడు ఈ పద్ధతి పనిచెయ్యదు, వాళ్ళే ఆ మాట డాక్యుమెంట్లలో రాసుకున్నారు. కాలపఫ్ లాంటి, పొగని విడివిడి ముద్దలుగా లెక్క కట్టే పఫ్ మోడల్స్ ఆ గంటల్ని కొంచెం మెరుగ్గా పట్టుకుంటాయి. ఎండాకాలంలో కామ్ తక్కువ, అందుకే నీకు చిన్న శాతం కనిపించింది. చలికాలం విండ్ రోజ్ వేస్తే అది చిన్నగా ఉండదు.

పొద్దున ఏడు తొమ్మిది మధ్య వాసన అన్నావు చూడు, ఆ ముక్క చదవగానే నాకు విషయం తెలిసిపోయింది. చలికాలం రాత్రి నేల చల్లబడి కింద చల్లగాలి, పైన వెచ్చగాలి ఉంటుంది, ఇన్వర్షన్ అంటారు. అందులోకి వెళ్ళిన చిమ్నీ పొగ పైకీ పోదు కిందకీ రాదు, మూసిన గదిలో అగరబత్తి పొగ అడ్డంగా సాగినట్టు అలా పలచని పట్టీలాగా కిలోమీటర్ల దూరం నిలబడి ఉంటుంది. రాత్రంతా మీకు ఏం తెలీదు, చుక్కలు కూడా కనిపిస్తాయి. సూర్యుడొచ్చి నేల వేడెక్కాక కింది నుంచి గాలి కలియబడ్డం మొదలవుతుంది, ఆ కలిసే పొర పెరుగుతూ పెరుగుతూ పొగ పట్టీని అందుకోగానే రాత్రంతా దాచుకున్నది మొత్తం అరగంటా గంటలో నేలకి దిగుతుంది. దీన్ని ఫ్యూమిగేషన్ అంటారు. చిత్రం ఏంటంటే ఏర్‌మాడ్ ఈ ఇన్వర్షన్ పగిలే ఘట్టాన్ని లెక్క కట్టదు. దాని చిన్న తమ్ముడు ఏర్‌స్క్రీన్‌లో ఆ ఆప్షన్ ఉంది. కాబట్టి "ఇన్వర్షన్ బ్రేకప్ ఫ్యూమిగేషన్‌కి విడిగా లెక్క చేశారా" అని అడుగు. చేసుండరు.

స్టాక్_లెక్కలు:

బాబాయ్ గారు చెప్పిన కామ్ పాయింటు బంగారం. దానికి ఇంకోటి కలుపుతా, ఏర్‌మాడ్‌కి గంట గంట నేల మీద గాలితో పాటు పైన గాలి కూడా కావాలి, బెలూన్ డేటా. మీకు దగ్గర్లో అది వైజాగ్‌లో ఎగరేస్తారు. బెలూన్ టైము గ్రీన్‌విచ్ లెక్క, మనది ఐదున్నర గంటలు ముందు, ఈ అరగంట మాకు పెద్ద తలనొప్పి, టైములు సరిగ్గా కలపకపోతే పొద్దున ఇన్వర్షన్ లెక్క మొత్తం జరిగిపోతుంది. చాలామంది ఈ గొడవంతా ఎందుకని వాతావరణ మోడల్ నుంచి తీసిన రెడీమేడ్ ఫైలు కొనేస్తారు. అది తప్పేం కాదు, కానీ ఎక్కడిదో చెప్పాలి. మెట్ డేటా సోర్స్ ఏంటని అడగండి.

అలాగే వాతావరణ శాఖ, అదే ఐఎండీ వాళ్ళ క్లైమటలాజికల్ టేబుల్స్‌లో కళింగపట్నం, విశాఖపట్నం రెండు స్టేషన్లకీ నెల నెలా గాలి ఎటునుంచి ఎంత అనేది పొద్దున 8:30కి, సాయంత్రం 5:30కి ఇస్తారు, ఏళ్ళ తరబడి సగటు. జనవరి పొద్దునది, ఏప్రిల్ సాయంత్రందీ పక్కపక్కన పెట్టి ప్రింట్ తీసి కలెక్టర్ గారి చేతికివ్వండి. ఒక్క కాగితం. గవర్నమెంటు డేటా కాబట్టి ఎవరూ కాదనలేరు.

ఒకటే చిమ్నీ ఉందన్న సంగతి మామూలే. "ఇంక్రిమెంటల్" అనే మాట వెనక దాక్కుంటారు, కొత్తదాని వల్ల పెరిగేది మాత్రమే చూపిస్తాం, పాతది ఎలాగూ బేస్‌లైన్‌లో ఉంది కదా అంటారు. వినడానికి లాజిక్కే. కానీ బేస్‌లైన్ కొలిచింది ఎండాకాలంలో, అప్పుడు పాత కిల్న్ పొగ కూడా జీడితోటలకే పోతుంది! మీ ఊళ్ళో వచ్చిన 71లో పాత కిల్న్ వాటా ఏముంటుంది? పైగా ఆ రోజుల్లో కిల్న్ నడుస్తోందా లేక షట్‌డౌన్‌లో ఉందా? బేస్‌లైన్ అంటే వారానికి రెండు రోజులు చొప్పున 12 వారాలు, మొత్తం 24 రీడింగులు. ఆ తేదీలు రిపోర్టులో ఉంటాయి, ఫ్యాక్టరీలో పనిచేసే మీ ఊరి కుర్రాళ్ళని అడిగితే ఆ తేదీల్లో కిల్న్ నడిచిందో లేదో చెప్తారు.

ఫిల్టర్_పేపర్:

ఆలస్యంగా చూశాను ఈ త్రెడ్. నేను మోడలింగ్ మనిషిని కాదు, చాలా ఏళ్ళు ల్యాబ్ తరఫున చిమ్నీలెక్కి శాంపిల్ తీసిన మనిషిని, ఇప్పుడు మోకాళ్ళు పోయి ఇంట్లో ఉన్నాను. పైన ఇద్దరూ మ్యాపులు, ఫార్ములాలు బాగా చెప్పారు. కానీ ఈ అబ్బాయి డాబా మీద నల్ల దుమ్ము అన్నాడు, దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

బాబూ, అరికాలికి అంటుకునే నల్ల దుమ్ము వేరు, పీఎం 10 వేరు. పీఎం 10 అంటే పది మైక్రాన్ల లోపు, కంటికి కనపడదు, గాలిలో తేలుతూ పోతుంది. మీ డాబా మీద చేత్తో తుడిస్తే గరగరమనేది యాభై, వంద మైక్రాన్ల సరుకు. రిపోర్టులో దాని ఊసే ఉండదు, ఎందుకంటే దానికి లిమిట్ లేదు. ఇప్పుడు ఆలోచించు. వంద మైక్రాన్ల రేణువు సెకనుకి పావు మీటరు పైనే కిందకి దిగుతుంది. పది మీటర్ల బొగ్గు కుప్ప మీద నుంచి రెండు మీటర్ల గాలికి లేచినా ఎనభై మీటర్ల లోపే పడిపోతుంది. కిలోమీటరున్నర దూరంలో ఉన్న మీ డాబా మీదకి కుప్ప నుంచి రాదు. మామూలుగా నడిచే ఈఎస్పీ, అంటే పొగలోని దుమ్ముని కరెంటుతో పట్టే యంత్రం, దాన్ని దాటి కూడా అంత లావు రేణువు రాదు, అది ముందే పట్టేస్తుంది. వంద మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మాత్రం నాలుగు వందల సెకన్లు పడుతుంది నేలకి రావడానికి, మూడు మీటర్ల గాలిలో కిలోమీటరు పైన ప్రయాణం చేస్తుంది. అంటే మీ డాబా. కాబట్టి అయితే రాత్రిపూట ఈఎస్పీ ఆపేస్తున్నారు, లేదా ఎమర్జెన్సీ చిమ్నీ మూత ఎత్తి పొగ డైరెక్టుగా వదులుతున్నారు, లేదంటే మీ ఊరి మధ్య నుంచి పోయే లారీలు నల్ల బూడిద రాల్చుకుంటూ పోతున్నాయి. మూడోది కూడా చూసుకో, ఫ్యాక్టరీ మీద కోపంలో రోడ్డు మర్చిపోవద్దు. రోడ్డుకి ఆనుకున్న ఇళ్ళ మీద ఎక్కువ, లోపలి వీధుల్లో తక్కువ ఉంటే లారీలే. ఊరంతా ఒకేలా ఉంటే చిమ్నీ.

ఒక అయస్కాంతం తీసుకో, పాత స్పీకర్లోది చాలు, కాగితంలో చుట్టి ఆ దుమ్ములో తిప్పు. అంటుకుంటే ఇనుము ఉన్న సరుకు. అది కోర్టులో రుజువు కాదు కానీ గడ్డి బూడిదా భోగి మంటా అయస్కాంతానికి అంటుకోవు, అక్కడిదాకా పనికొస్తుంది.

ఈఎస్పీ సంగతి కూడా చెప్తా, జనానికి ఈ లెక్క తెలీదు. 99.5 శాతం పట్టుకునే ఈఎస్పీ అనుకో, వెయ్యిలో ఐదు బయటికి వదుల్తుంది. ఒక్క గంట దాన్ని ఆపితే వెయ్యికి వెయ్యీ బయటికే, అంటే 200 గంటల్లో వచ్చేది ఒక్క గంటలో. ఎనిమిది రోజుల పైన సరుకు. ఆ గంట రాత్రి రెండింటికి వచ్చిందనుకో, బాబాయ్ గారు చెప్పిన ఇన్వర్షన్‌లోకి పోయి పొద్దున దిగుతుంది. మోడల్‌లో మాత్రం ఏడాదిలో ఉన్న 8,760 గంటలూ ఈఎస్పీ చక్కగా పనిచేస్తూనే ఉంటుంది. కరెంటు ఆదా చేసే అలవాటు ఏ సాఫ్ట్‌వేరూ ఊహించలేదు.

అందుకని నువ్వు మోడల్ మీదే పడకుండా పాత కిల్న్ ఆన్‌లైన్ మానిటర్ డేటా అడుగు, చిమ్నీకి పెట్టిన మీటరు రీడింగులు పొల్యూషన్ బోర్డు సర్వర్‌కి పోతుంటాయి. ఈఎస్పీకి విడిగా కరెంటు మీటరు ఉందా, దాని గంట గంట రీడింగు ఇస్తారా అని కూడా అడుగు. ఈ రెండో ప్రశ్నకి మొహాలు ఎలా మారతాయో చూడు.

మధురవాడ_మాస్టారు:

ఇంత మంచి డిస్కషన్ తెలుగులో చదివి చాలా రోజులైంది. ఒక సందేహం, 2020 మే 7న మా వైజాగ్‌లో ఆర్ఆర్ వెంకటాపురం దగ్గర స్టైరీన్ గ్యాస్ లీకైనప్పుడు పన్నెండు మంది పోయారు కదా, అలాంటిది ఈ మోడల్ ముందే చెప్పగలదా? ఫ్యాక్టరీ వాళ్ళు ఆ లెక్క కూడా చెయ్యాలి కదా?

ఒహాయో_బాబాయ్:

మాస్టారూ అది వేరే జాతి సమస్య, ఏర్‌మాడ్ దానికి పనికిరాదు. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు, చిమ్నీ పొగలా పైకి లేవదు, నేల పట్టుకుని పల్లంలోకి పాకుతుంది. తెల్లవారుజామున గాలి లేదు, ఇన్వర్షన్ ఉంది, జనం నిద్రలో ఉన్నారు. 1984 డిసెంబర్‌లో భోపాల్‌లో కూడా ఇవే మూడు కలిశాయి, అక్కడా గ్యాసు గాలి కంటే బరువే. దానికి అలోహా లాంటి హెవీ గ్యాస్ మోడల్స్ వాడతారు, అదీ ఉచితమే. రిపోర్టుల్లో రిస్క్ అసెస్‌మెంట్ అని వేరే చాప్టర్‌లో ఉంటుంది. స్పాంజ్ ఐరన్‌లో ఆ రకం ప్రమాదం కార్బన్ మోనాక్సైడ్‌ది, ఎక్కువగా ఫ్యాక్టరీ లోపలి వాళ్ళకి. దీని మీద వేరే త్రెడ్ వేద్దాం, ఈ కుర్రాడి హియరింగు పక్కకి పోతుంది.

పాత_చింతకాయ:

సరే ఒప్పుకున్నా, మోడల్ గీడల్ అన్నందుకు. కానీ ఇంత సైన్సు మాట్లాడితే అక్కడ వినేవాడెవడు? హియరింగ్ అంటే టెంటు, భోజనాలు, ముందు వరసలో ఫ్యాక్టరీ మనుషులు చప్పట్లు. నేను చూశాను రెండు మూడు.

నైరుతి_మూల:

అన్నా ఆ టెంటు ఇక్కడా వేస్తున్నారు, మెనూ కూడా తెలిసిపోయింది 😀

అప్‌డేట్ ఇస్తున్నా. ఫిల్టర్ పేపర్ గారూ, అయస్కాంతం తిప్పాను, ముళ్ళపందిలా అయింది. లోపలి వీధిలో మా పెద్దమ్మ వాళ్ళ డాబా, రోడ్డు పక్కన కిరాణా కొట్టు డాబా రెండూ చూశాను, ఒకేలా ఉంది. బేస్‌లైన్ తేదీలు ఫ్యాక్టరీలో చేసే మా వాడికి చూపిస్తే అందులో రెండు వారాలు కిల్న్ లైనింగ్ పని జరిగింది, ఆపేసి ఉందన్నాడు. వాడి పేరు బయటికి రాకుండా ఇది ఎలా అడగాలి? వాడి ఉద్యోగం పోతుంది.

స్టాక్_లెక్కలు:

వాడి పేరే అక్కర్లేదు. "బేస్‌లైన్ కొలిచిన ప్రతి తేదీకీ పాత కిల్న్ ఉత్పత్తి ఎన్ని టన్నులో రిపోర్టుకి జత చెయ్యాలి" అని అడగండి, ప్రశ్నలాగా అంతే. ఉత్పత్తి రిజిస్టర్ వాళ్ళ దగ్గర ఉంటుంది, ఆగిందో లేదో కాగితమే చెప్తుంది.

చింతకాయ గారి మాట కొంత నిజమే, అక్కడ ఎవరూ సిగ్మాలు వినరు. కానీ హియరింగులో ఓటింగు లేదు, అక్కడ ఎవరూ పర్మిషన్ ఇవ్వరు. కలెక్టరో ఆయన తరఫు అధికారో కూర్చుంటారు, బోర్డు వాళ్ళు అందరూ మాట్లాడింది రాసుకుని వీడియో తీసి పైకి పంపుతారు. నిర్ణయం తీసుకునే ఎక్స్‌పర్ట్ కమిటీ ఆ మినిట్స్ చదువుతుంది, అక్కడ సిగ్మాలు తెలిసినవాళ్ళు ఉంటారు. కాబట్టి మీరు మాట్లాడేది టెంటులో వాళ్ళ కోసం కాదు, ఆ కాగితం కోసం. నోటికి చెప్పింది రెండు లైన్లకి కుదించేస్తారు, అందుకే ముందే రాసి ఇవ్వండి. నోటీసు పడ్డ దగ్గర్నుంచి 30 రోజులు టైముంది, బోర్డు రీజినల్ ఆఫీసులో ఇచ్చి మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి.

ఎక్కువ అడగొద్దు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి మెట్ డేటాతో మళ్ళీ రన్ చెయ్యాలి, పాత కిల్న్, రోలింగ్ మిల్లు, యార్డు, రోడ్డు అన్నీ కలిపి. కామ్ గంటలు ఎన్నో, వాటిని ఏం చేశారో చెప్పాలి. ఫ్యూమిగేషన్ విడిగా. ఈఎస్పీ ఆగిన గంటకి ఒక రన్. ఇన్‌పుట్ ఫైళ్ళు ఇవ్వాలి. బేస్‌లైన్ తేదీల ఉత్పత్తి. చాలు, ఒక పేజీ. వడియాల సంగతి కూడా రాయండి కానీ లెక్కల కింద రాయండి, పైన రాస్తే అక్కడితో ఆగిపోతారు.

ఫిల్టర్_పేపర్:

ఆ దుమ్ము కొంచెం గాజు సీసాలో ఎత్తి మూత పెట్టి, మీద తేదీ, ఎవరి డాబా, ఎన్నింటికి ఎత్తావో రాసి ఉంచు. ప్లాస్టిక్ కవర్లో వద్దు, సగం గోడలకే అంటుకుంటుంది. మినిట్స్ చివర్లో మీటింగులోనే తెలుగులో చదివి వినిపించాలి అని రూల్ ఉంది, భోజనాలకి లేచిపోకుండా అది చదివేదాకా మీ వాళ్ళని కూర్చోబెట్టు.

నైరుతి_మూల:

రాసుకున్నా అన్నీ. ఐఎండీ టేబుల్స్ పీడీఎఫ్ దొరికింది, జనవరి పొద్దున కాలమ్ చూస్తున్నా ఇప్పుడే. డ్రాఫ్టు రేపు రాత్రికి ఇక్కడ పెడతా, తప్పులుంటే దులిపెయ్యండి.